ఎడమ భుజం మీద అతుకు

ప్లోవ్‌దివ్
నవంబరు

మామయ్యకి,

ఈ ఉత్తరంతో వచ్చిన పొట్లం విప్పి కోప్పడే ముందు ఇది చదువు. అందులో ఉన్నవి పోయిన చలికాలం నువ్విచ్చిన గొర్రెతోలు చొక్కా, ఉన్ని మేజోళ్ళు. చిరగలేదు, బిగుతూ కాలేదు. నేనే వేసుకోవడం మానేశాను. మాంసం మానేసి ఏడాది దాటింది. నోటితో మానేసి ఒంటి మీద మోస్తూ తిరుగుతుంటే నాకే నవ్వొచ్చింది.

నాకు పదేళ్ళప్పుడు నువ్వు నా చంకలో పెట్టి ఊదడం నేర్పిన మేకతోలు గైడా కూడా బీరువాలోకి వెళ్ళింది. మొన్న కచేరీ అయ్యాక ఒక చిన్న పాప దగ్గరికొచ్చి తిత్తిని నిమిరింది. మెడ ఉన్నచోట వేళ్ళ గొట్టం, ముందు కాళ్ళు ఉన్నచోట ఊదే గొట్టం, శ్రుతి గొట్టం. అన్నీ తడిమి చూసి, "దీని తల ఏది?" అని అడిగింది. నాకు తెలియని సంగతేం కాదు. మేకతోలుని చొక్కా విప్పినట్టు ఒలిచి, వెంట్రుకలు లోపలికి తిప్పి నువ్వు తిత్తి చేయడం చూస్తూనే పెరిగాను. కానీ ఆ పాపకి జవాబు చెప్పలేకపోయాను, ఆ తర్వాత వాయించనూ లేకపోయాను.

నువ్వు చెక్కిన గొట్టాలు నాకు ప్రాణం. వాటికి డేరా గుడ్డతో తిత్తి కుట్టివ్వు. ఇప్పుడు చాలామంది అలాగే వాయిస్తున్నారు.

సెప్టెంబరులో నువ్వడిగిన దానికి కూడా జవాబు ఇదే. నీ పనిశాల నేను తీసుకోలేను. ఆ పని మేక గొంతు దగ్గర మొదలవుతుంది మామయ్యా. అక్కడ నిలబడటం నా వల్ల కాదు.

నీ దఫీనా


స్త్రమ్నా
డిసెంబరు

దయామయి దఫీనా గారికి,

పొట్లం అందింది. చొక్కా హైరీకి ఇచ్చేశాను. పక్కింటివాడు కాబట్టి రోజూ వేసుకుని నా కళ్ళముందే తిరుగుతున్నాడు. అతనికి నీకంటే బాగా నప్పింది.

మేజోళ్ళు మాత్రం నాకు అర్థం కాలేదు. ఉన్ని కోసం గొర్రెని ఎవరు చంపారు తల్లీ? ఎండలు ముదిరేలోగా కత్తిరించకపోతే అదే వచ్చి నీ కాళ్ళ దగ్గర ఏడుస్తుంది. నువ్వు ఈ మధ్య వేసుకునే ఆ మెత్తటి ఎర్ర జాకెట్ దేనితో చేశారు? మీ అమ్మ చెప్పింది, తాగి పారేసిన ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కరిగించి చేస్తారట. దాన్ని ఉతికిన నీళ్ళు మరీత్సాలో కలుస్తాయి. ఆ నదిలో చేపలున్నాయి. వాటికి నోరు లేదు కాబట్టి నీ దయ వాటిదాకా పోలేదేమో.

డేరా గుడ్డతో తిత్తి నేను కుట్టను. మా నాన్న కుట్టలేదు, నేనూ కుట్టను. ఏడాదికి రెండు మేకల్ని కోస్తాను. వాటిని నేనే పెంచుతాను, పేరు పెట్టి పిలుస్తాను, కోసిన రోజు నేను అన్నం ముట్టను. ఆ సంగతి నీకు తెలుసు.

సీవ్కా మాత్రం కత్తికి అందకుండా ముసలిదైపోయింది. నీకు గుర్తుందిగా, ఆ బూడిద రంగుది. నా వెనకే పనిశాల గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే పడుకుంటుంది. పోయిన వేసవిలో ముళ్ళతీగకి ఎడమ భుజం చీరేసుకుంటే నేనే కుట్టాను. మచ్చ మీద వెంట్రుక మొలవలేదు. తిండి దగ్గర దాని వేషాలు అలాగే ఉన్నాయి. మూడుసార్లు వాసన చూసి, నా మొహం చూసి, అప్పుడు ఒక పరక నములుతుంది.

పనిశాల నీకు వద్దంటే తాళం వేసేస్తాను. అంతకంటే చెప్పేదేం లేదు. కొంచెం జలుబు చేసింది, అందుకే అక్షరాలు ఇలా వంకర్లు పోయాయి.

మనోల్


ప్లోవ్‌దివ్
జనవరి

మామయ్యా,

"దఫీనా గారికి" అని చదివి రెండు రోజులు ఒళ్ళు మండింది. ఇప్పుడు తగ్గింది కాబట్టి రాస్తున్నాను.

ఉన్ని కోసం గొర్రెని చంపరు. నిజమే. కానీ మంద నిలవాలంటే గియోర్గి పండక్కి మగ గొర్రెపిల్లలన్నీ పొయ్యి మీదికి వెళ్ళాల్సిందే. ఉన్ని, మాంసం ఒకే ఇంట్లోంచి వస్తాయి మామయ్యా. మన ఊళ్ళో పుట్టినదాన్ని, నాకే పాఠం చెప్తావా?

జాకెట్ సంగతి నువ్వన్నది మాత్రం గుచ్చుకుంది. చేప గురించి నేను ఆలోచించలేదు. మేకకి కళ్ళుంటాయి, చూస్తుంది. అందుకేనేమో మేక గురించే ఆలోచించాను.

తిత్తి సోఫియాలో కుట్టించాను. కొండలెక్కేవాళ్ళకి డేరాలు కుట్టే ఆవిడ కుట్టింది. నీ గొట్టాలు బిగించాను. పలుకుతోంది. బాగానే పలుకుతోంది. నీ గైడాలా అని మాత్రం అనను, అబద్ధం అవుతుంది.

నీది జలుబు కాదంటోంది అమ్మ. ఫోన్‌లో దగ్గు తప్ప మాట వినపడలేదట. నీకా చెవి సరిగ్గా వినపడదు, ఆవిడకా ఓపిక లేదు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళావా?

దఫీనా


స్త్రమ్నా
ఫిబ్రవరి

దఫీనాకి,

దగ్గు తగ్గింది. మీ అమ్మ ఏదైనా భూతద్దంలో చూస్తుంది.

మంచు మోకాలి దాకా పడింది. హైరీ దారి చేస్తే మేకలకి మేత వేసి వస్తున్నాను. నీ మాటలకి బదులు రాయాలని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. పండక్కి నువ్వు పుట్టినప్పటి నుంచీ తింటూ వచ్చిన గొర్రెపిల్ల గురించి నేను వాదించను. నువ్వన్నది నిజమే.

ఊరికే అడుగుతున్నాను. ఆ డేరా గుడ్డకి లోపల పూత ఉంటుందా? కుట్ల దగ్గర గాలి పోకుండా ఏం పూసిందావిడ? ఊపిరి తడి లోపల ఎక్కడికి పోతుంది? తోలైతే పీల్చుకుంటుంది. గుడ్డ పీల్చుకోదు కదా, అప్పుడు గొట్టాల్లో పలికే రెల్లు నాలుకలు నానిపోవా? శ్రుతి గొట్టం బిగించేచోట ఎన్ని మడతలు వేసింది?

నాకేం అవసరం లేదు. నా గొట్టాలు పాడవుతాయేమోనని అడుగుతున్నాను.

మామయ్య


ప్లోవ్‌దివ్
మార్చి

మామయ్యా,

నీ ప్రశ్నలు చూస్తే ఆవిడ దగ్గర పనికి చేరేలా ఉన్నావు. లోపల పూత ఉంది. కుట్ల మీద వేడి పట్టీ అంటించింది. గొట్టాల దగ్గర మూడు మడతలు. తడి అడుక్కి చేరుతుంది, వాయించాక తలకిందులు చేసి వంపేయాలి. రెల్లు నాలుకలు మాత్రం నువ్వన్నట్టే నానుతున్నాయి.

ఇంకో సంగతి చెప్తాను, కానీ హైరీకి చెప్పకూడదు. పప్పులో కాలేశాను. ఒక ఆదివారం చేతులు వాటంతట అవే పోయి మజ్జిగ తేట గోరువెచ్చగా కాచి, ఉప్పు కలిపి తిత్తిలో పోసేశాయి. చిన్నప్పటి నుంచీ నెలకోసారి చేసే పని కదా, తోలు మెత్తబడాలని. పోసి, ఊపి, మూతి కట్టి పడుకున్నాక కూడా నాకు వెలగలేదు. గుడ్డకి మజ్జిగ ఎందుకు? మూడోనాడు సాధన గదిలో మొదటి ఊపిరి ఊదేసరికి పులిసిన కంపు. పక్కనున్న ఫిడేలు అమ్మాయి కుర్చీ తీసుకుని గోడ దాకా వెళ్ళిపోయింది. మేక ఏనాడూ అంత కంపు కొట్టలేదు.

కడగడానికి ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళాను. ఆ గదిలో మూల ఒక పెద్ద సంచి నిండా కత్తిరింపు ముక్కలున్నాయి. ఇవేం చేస్తారని అడిగితే ఏమీ చేయలేమంది. కాలిస్తే పొగ విషం, పాతితే మట్టిలో కలవదు, మనమంతా పోయాక కూడా అలాగే ఉంటాయట. తనకేమీ తప్పు తోచనట్టు మామూలుగా చెప్పింది. నేను చేసుకున్న నిర్ణయం అంత తేలికైంది కాదని ఆ రోజు అనిపించింది. నువ్వు గెలిచావని కాదు. ఎటు తిరిగినా ఎవరో ఒకరి మీద కాలు పడుతోంది.

ఆగస్టు జాతరకి కొండ మీదికి వస్తాను. ప్రతి ఏడూ నీ పక్కన నిలబడే వాయించాను. ఈ గుడ్డ తిత్తితో నన్ను పక్కన నిలబడనిస్తావా?

దఫీనా


ప్లోవ్‌దివ్, ఊపిరితిత్తుల ఆసుపత్రి
ఏప్రిల్

దఫీనాకి,

చూశావా తమాషా. నీ ఊళ్ళో నేనున్నాను, నా ఊళ్ళో నువ్వున్నావు. దగ్గు ముదిరి నన్ను ఇక్కడ పడేశాక, నువ్వు చదువు పక్కన పెట్టి మేకల కోసం వెళ్ళావని మీ అమ్మ చెప్తే ముందు తిట్టాను, తర్వాత దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

డాక్టరమ్మ చిన్నదే కానీ గట్టిది. నా గైడా తెప్పించి, తిత్తి లోపలి వెంట్రుకలు గీకి పరీక్షకి పంపింది. బూజట. నలభై ఏళ్ళుగా ఆ బూజు పీలుస్తున్నానట. తడిగా ఉంటేనే తోలు బాగా పలుకుతుందని మా నాన్న గుడ్డ చుట్టి పెట్టేవాడు, నేనూ అలాగే పెట్టాను. ఒక్కరోజు ఆరబెట్టలేదు. ఇక తోలు తిత్తి నోట పెట్టకూడదు, తోళ్ళున్న గదిలోకి కూడా పోకూడదు అంది.

మేకలకి ఉప్పు పెట్టేటప్పుడు సీవ్కాకి ముందు పెట్టు. లేకపోతే అలుగుతుంది. తూర్పు బండల వైపు పోనివ్వకు, అక్కడ రాళ్ళు జారతాయి.

మనోల్


స్త్రమ్నా
ఏప్రిల్

మామయ్యా,

మేకలు నా మాట వినవు, హైరీ మాట వింటాయి. సీవ్కా మాత్రం ఎవరి మాటా వినదు. ఉప్పు పెడితే మూడుసార్లు వాసన చూసి, నా మొహం చూసి, నువ్వు కాదని తెలుసుకుని వెళ్ళిపోతుంది. పొద్దుగూకేసరికి పనిశాల గుమ్మం ముందు పడుకుంటుంది.

రొట్టె చేద్దామని నిన్న పిండిపెట్టె తెరిచాను. అడుగున దుప్పట్లో చుట్టి ఒక గైడా ఉంది. నల్ల డేరా గుడ్డ. కుట్ల మీద పట్టీ. గొట్టాల దగ్గర మూడు మడతలు.

పొయ్యి మీద నీళ్ళు మరిగి ఆవిరైపోయేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను. నా మేజోళ్ళ గురించి అంత ఎగతాళి చేశావు. నా జాకెట్‌తో నది పాడైపోయిందన్నావు. ఎప్పుడు కుట్టావు దీన్ని? నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. వాయించి చూశాను. చాలా బాగా కుట్టావు.

దఫీనా


ప్లోవ్‌దివ్, ఆసుపత్రి
మే

దఫీనాకి,

దొరికిపోయాను. పిండిపెట్టె నువ్వు తెరుస్తావని అనుకోలేదు, నీకు రొట్టె చేయడం వచ్చని తెలియదు.

స్మోల్యాన్ ఊళ్ళో డాక్టరు పోయిన ఆగస్టులోనే చెప్పాడు, తోలు మానేయమని. పనిశాల తీసుకుంటావా అని సెప్టెంబరులో నిన్నడిగింది అందుకే. అసలు కారణం చెబితే జాలిపడి సరేనంటావని దాచాను. నువ్వు జాలిపడకుండా వద్దన్నావు. ఆ కోపంలో డిసెంబరు ఉత్తరం రాశాను. నీ మార్చి ఉత్తరం వచ్చాక డేరా గుడ్డ తెప్పించాను. హైరీ కూడా వినకుండా పశువుల కొట్టంలో వాయించుకునేవాణ్ణి. సిగ్గేసింది. ఇంకో సంగతి, దాంతో వాయించిన రోజున రాత్రి దగ్గు రాలేదు.

అయితే అందులోంచి ఏ వాసనా రాదు. వేడెక్కదు. చంకలో పెట్టుకుంటే చంకలో ఏమీ లేనట్టు ఉంటుంది. ఊపిరి నిలవాలంటే దాన్నే పట్టుకోవాలి, పట్టుకుంటాను. కానీ నా చేతుల్లో పని పోయింది పిల్లా. అదే నా బాధ. అంతకంటే దాచినదేం లేదు.

సీవ్కా తింటోందా?

మామయ్య


స్త్రమ్నా
మే

మామయ్యా,

ఒక మేక పోయింది. గోధుమ రంగు పిల్ల. పొగమంచులో తూర్పు బండల వైపు వెళ్ళి జారింది. నేను కాపలా ఉండాల్సింది, కట్టెలు తేవడానికి వెళ్ళాను. నడుము విరిగింది. అరుస్తూనే ఉంది. పశువుల డాక్టరు మర్నాడు గానీ రాలేనన్నాడు. వచ్చి సూది వేస్తే నొప్పి లేకుండా పోతుంది, కానీ అప్పటిదాకా అలా అరుస్తూ ఉండాలి. హైరీ నా వైపు చూశాడు.

కొయ్యమని నేనే చెప్పాను. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు నన్నే చూశాయి. చాలా త్వరగా అయిపోయింది. నేను అక్కడ నిలబడలేనని నీకు రాశాను, గుర్తుందా? నిలబడలేదు, కూర్చున్నాను.

తర్వాత హైరీ గొయ్యి తవ్వమంటావా, తోలు తీయమంటావా అని అడిగాడు. వేడి చల్లారేలోగా చెప్పాలన్నాడు. పాతిపెట్టడమే దయ అనిపించింది ముందు. ఆ వెంటనే పిండిపెట్టెలో ఉన్న నల్ల గుడ్డ, సోఫియాలో ముక్కల సంచి గుర్తొచ్చాయి. తీయమన్నాను. పొట్ట కోయకుండా మెడ వైపు నుంచే తీశాడు. ఉప్పు నేను రాశాను. మాంసం అతని ఇంటికి పంపాను, నేను ముట్టలేదు.

ఇప్పుడు ఉప్పులో ఉంది. ఏం చేయాలో చెప్పు. ఎందుకు చేస్తున్నానని మాత్రం అడగకు.

దఫీనా


ప్లోవ్‌దివ్, ఆసుపత్రి
మే చివర

దఫీనాకి,

అడగను.

ఉప్పు నీళ్ళు రోజూ మార్చు. వెంట్రుకలు వేలి మందం మిగిల్చి కత్తిరించు. తర్వాత మజ్జిగ తేటలో నానబెట్టు, ఈసారి సరైన దాంట్లోనే పోస్తావు. వెంట్రుకలు లోపలికి తిప్పి, వెనక వైపు మడిచి గట్టిగా కట్టు. గాలి నింపి నీడలో వేలాడదీయి. రోజూ చేత్తో నలుపు. మా నాన్న చెప్పనిది ఒకటి నేను చెబుతున్నాను. వాయించిన ప్రతిసారీ మూతి విప్పి పూర్తిగా ఆరబెట్టు. పలుకు కొంచెం బిరుసుగా ఉన్నా ఫరవాలేదు. నీ ఊపిరి నాకు కావాలి.

కొలతలు రాయి. ఆ రోజు నువ్వు అన్నం తిన్నావా?

సీవ్కా గురించి నువ్వేమీ రాయలేదు.

మామయ్య


స్త్రమ్నా
జూన్

మామయ్యా,

తినలేదు.

మెడ నుంచి వెనక కట్టు దాకా నా చేయంత పొడవుంది, భుజం నుంచి వేళ్ళ కొస దాకా. తోలు దళసరిగా ఉంది, నలిపి నలిపి నా బొటనవేళ్ళు బొబ్బలెక్కాయి. పనిశాల తలుపులు, కిటికీలు తీసిపెట్టి పని చేస్తున్నాను. నీ ఉలులు నా చేతికి పెద్దవి, అయినా అలవాటవుతున్నాయి. ఆ పాప మళ్ళీ వచ్చి తల ఏదని అడిగితే ఇప్పుడు చెప్పగలను. నా ఒళ్ళో ఉండింది అని చెప్తాను.

నేను మారిపోయానని అనుకోకు. ఒక తిత్తి కోసం మేకని కోయమని నేనెప్పుడూ చెప్పను. వచ్చే ఏడు ఇక్కడ కత్తి లేవదు. తనంతట తాను పోయినదాని తోలు దొరికితే చేస్తాను, లేకపోతే ఉన్నవాటికి అతుకులు వేస్తాను, ఊపిరి బాగోలేని వాళ్ళకి గుడ్డతో కుడతాను. ఇలా అయితే పనిశాల నడుస్తుందో లేదో తెలియదు. ఇలా అయితే తీసుకుంటాను.

జాతరలో నువ్వు గుడ్డ తిత్తితో, నేను తోలు తిత్తితో నిలబడదాం. చూసినవాళ్ళు ఏమనుకుంటారో అనుకోనీ.

మేకలన్నీ కులాసా. సీవ్కా బాగా తింటోంది.

దఫీనా


ప్లోవ్‌దివ్, ఆసుపత్రి
జూన్

నా దఫీనాకి,

గురువారం ఇంటికి పంపేస్తున్నారు. మీ అమ్మ తీసుకొస్తుంది. డాక్టరమ్మ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది, తోళ్ళున్న గదిలోకి అడుగు పెట్టకూడదని. నువ్వు పెట్టిన షరతులన్నీ నాకు సమ్మతమే. తాళం చెవి తలుపు మీది దూలంలో ఉండేది, నీకు ఎప్పుడో దొరికే ఉంటుంది.

ఇప్పుడు పని సంగతి. గోధుమ రంగు పిల్ల తోలుతో నీ చేయంత తిత్తి రాదు. దాని తోలు బొటనవేళ్ళకి బొబ్బలెక్కించేంత దళసరీ కాదు. సీవ్కా బాగా తింటోందని రాశావు. అది పుట్టిన దగ్గర్నుంచి ఒక్కనాడూ బాగా తినలేదు. ఆ వాక్యం చదివి కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. పక్క మంచం ఆయన ఏమైందని అడిగితే కళ్ళలో మందు పడిందన్నాను.

నా కోసం దాచావని తెలుసు. నేనూ నీ దగ్గర దాచినవాణ్ణే, కాబట్టి కోపం లేదు. దాని తల నీ ఒళ్ళో ఉందని రాశావు కదా, అది చాలు. నేనుంటే అంత మంచిగా పట్టుకునేవాణ్ణి కాదేమో.

ఎడమ భుజం దగ్గర ముళ్ళతీగ చీరిన చోట తోలు పలచగా ఉంటుంది. అక్కడ నేను వేసిన కుట్లు గాలికి ఆగవు. అతుకు వేశావా? వేసి ఉంటే విప్పేయి, నీకు ఆ కుట్టు నేర్పలేదు. వేయకపోతే నేను వచ్చేదాకా ఆగు. పనిశాల గుమ్మం బయట, అది పడుకునే చోట నాకు కుర్చీ వేసి ఉంచు. నువ్వు లోపల వెలుతురులో కూర్చో. నేను బయట నుంచి చెబుతాను, నువ్వు కుట్టు.

మామయ్య